పాత స్విచ్చికే కొత్త తీగలు

భద్రాచలం వెళ్లే బస్సులో నా పక్క వరస సీట్లో కూర్చున్న ఆమె ఒళ్లో ఒక డ్రైవు కనిపించింది. సింగిల్ ఫేజు కరెంటును మూడు ఫేజులుగా మార్చి, పాత మోటార్లను నడిపే పెట్టె అది. అలాంటి పెట్టెలు బాగుచేయడమే నా పని కాబట్టి ఊరుకోలేక అడిగాను.

"మా మామ చెక్క చిత్రిక పట్టే మిషన్‌కు, అన్నా. ములకలపల్లి కాడ మా ఊరు. మొదటిది కాలిపోయింది," అంది.

ఎలా కాలిందో నాకు తెలుసు. డ్రైవుకూ మోటారుకూ మధ్య ఉండే పాత స్విచ్చిని, మిషను తిరుగుతుండగా నొక్కకూడదు; ముందు డ్రైవునే ఆపాలి. నా దగ్గరికొచ్చేవి చాలావరకు అలా పోయినవే. తెచ్చినవాళ్లను తిట్టేవాణ్ణి కూడా.

"చెప్తే వినలేదా మీ మామ?"

"మామ ఇన్నడు. చెయ్యి ఇనలే." ఎదుట చెక్క ఉన్నట్టే చూపు నిలిపి, కిందికి చూడకుండా కుడిచేత్తో తొడ పక్కన గాలిని నొక్కి చూపించింది. "నలభై ఏండ్ల సంది గట్లనే ఆపుతుండు. గా చేతినేం తిడతం అన్నా?"

"మరిప్పుడు?"

"గా స్విచ్చిని గాడనే ఉంచుత. మోటరు తీగలు దాన్నుంచి పీకి, సీదా డ్రైవుకు కడ్త. డ్రైవును ఆపమని చెప్పే సన్నతీగలు స్విచ్చికిస్త. మామ పాత తీరుగనే నొక్కుతడు."

ఇన్నేళ్లలో నేను ఎవరికీ అలా చేసిపెట్టలేదు. పాల్వంచలో ఆమె పెట్టెను చంటిపిల్లలా ఎత్తుకుని దిగిపోయింది.

ఇప్పుడు ఎవరి మిషను దగ్గరికి వెళ్లినా, పెట్టె విప్పేముందు, ఒక్కసారి మిషను ఆపి చూపించమంటాను. వాళ్ల చెయ్యి ఎటు పోతుందో చూస్తాను.