మా అత్త రాజేసిన బట్టీ

మా మేనత్త పోయిందని మొన్న పొద్దున మావ ఫోన్ చేశాడు. అప్పుడు నేను శ్రీకాకుళం కాలేజీ ల్యాబులో ఆమె పంపిన బొగ్గునే నూరుతున్నాను. నల్లటి చేతులతోనే వాళ్ల ఊరు భావనపాడు బస్సెక్కాను.

మీలో ఎవరూ ఆమెను చూసి ఉండరు. సరుగుడు తోటల్లో నరికిన కొమ్మలు కొని బొగ్గు కాల్చడం ఆమె పని. గ్యాసు వచ్చాక టీ కొట్లు బొగ్గు మానేశాయి, ఇస్త్రీ బళ్లు మానేశాయి. ఆమె మాత్రం మానలేదు. నరికిన చోటల్లా మళ్లీ మొక్క నాటించేది. తోటవాళ్లు బద్ధకిస్తే తనే గునపం పట్టుకుని వెళ్లేది.

రీఛార్జి బ్యాటరీల్లో వేసే కార్బన్ పొడిని కట్టెబొగ్గుతో తయారుచెయ్యాలన్నది నా పరిశోధన. ఏడాదిపాటు నేను చేసిన ఒక్క సెల్లూ ఛార్జి నిలుపుకోలేదు. బజార్లో దొరికే పొడి కొనుక్కోమన్నారు మా సారు. అత్త దగ్గరికెళ్లి ఏడ్చాను. ఆమె నా బొగ్గుముక్కలు రెండు తీసుకుని, చెవి దగ్గర పెట్టి తట్టింది.

"కంచులాగ మోగాల. ఇది మట్టిబెడ్డలాగ ఉన్నాది. తొందరెట్టేసినావు గుంటా. కట్టెకి మెల్లగ సెమట పట్టనియ్యాల."

మర్నాడు నాతో ల్యాబుకొచ్చి ఫర్నేసు ముందు స్టూలేసుకుని కూర్చుంది. నేను వేడి పెంచబోయినప్పుడల్లా చేతిమీద ఒక్కటిచ్చింది. అలా నిదానంగా కాల్చిన పొడితో చేసిన సెల్లు మొదటిసారి ఛార్జి నిలుపుకుంది. నాకు చదువు చెప్పినవాళ్లలో ఆమె ఒకరు. చిన్న బిళ్లలా ఉన్న ఆ సెల్లు తీసుకెళ్లి ఆమె అరచేతిలో పెట్టాను.

"అంత మానుని కొట్టి సొక్కా గుండీ సేసినావేటే?" అని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "మీ మావ సేపల పడవ మీద దీపం ఎలగాల. అప్పుడు పిలు, వస్తాను" అంది.

ఆ దీపానికి సరిపడే పెద్ద బ్యాటరీ కోసమే పోయిన వారం కట్టెలతో కొత్త బొగ్గుబట్టీ పేర్చింది. రాజేసిన రెండో రోజున గుండె ఆగిపోయింది.

దహనం అయ్యాక స్నానాలు చేసి వచ్చేసరికి, పెరట్లో మట్టి కప్పిన ఆ బట్టీ ఇంకా పొగ వదులుతోంది. చావింట్లో పొయ్యి రాజెయ్యకూడదు. మావ వాళ్ల అన్నగారు నీళ్లబిందె ఎత్తారు.

"మైలింట నిప్పేటి? ఆర్పీండి."

నీళ్లు పడితే ఆ బొగ్గు దేనికీ పనికిరాదు. ఇక అంత మంచి బట్టీ పేర్చేవాళ్లూ లేరు. నేను అడ్డంగా నిలబడ్డాను. పెద్దవాళ్లకు ఎదురుచెప్పడం నాకదే మొదలు.

"ఇది మనం ఎలిగించింది కాదు పెద్దమావా. అత్త ఎలిగించింది."

ఆయన మావ వైపు చూశారు. మావ తడిబట్టలతోనే వెళ్లి గమేళా నిండా బురదమట్టి తెచ్చి నా కాళ్ల దగ్గర పెట్టాడు.

"ఎడంపక్క పగులిచ్చింది. గాలి దూరితే బూడిదైపోతాది. సూస్తే మీ అత్త ఊరుకోదు. మూసీ."

వంగి మట్టి మెత్తాను. అక్కడ అంతకుముందు మూసిన పగుళ్ల మీద, ఎండిన మట్టిలో అత్త వేళ్ల గుర్తులు ఉన్నాయి. వాటి పక్కనే నా వేళ్లు పెట్టి గట్టిగా నొక్కాను.