అమ్మ పక్కన జాగా

ఆనందబాబుకు విశ్వాసం తక్కువ, ప్రేమ అంతకంటే తక్కువ, ఆశ మాత్రం బోలెడు. ఈ మాట ఊళ్ళోవాళ్ళు అన్నది కాదు, తన గురించి తానే చెప్పుకుంటాడు. చిట్టమూరు దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే రొయ్యల గుంటల మీద, నీళ్ళను చిలికే ఏరేటర్లు బాగుచేయడం అతని పని. ఏరేటరు ఆగితే రొయ్యలు ఊపిరాడక తేలిపోతాయి. అందుకని గుంటలవాళ్ళు దేవుడికంటే ముందు ఆనందబాబుకు ఫోన్ చేస్తారు. దాంతో అతనికి కాస్త పొగరు కూడా ఎక్కింది. కమురు వాసన కొడుతున్న మోటారును చూసి కూడా "ఆడతాదిలే" అంటాడు. సగంసార్లు ఆడదు. "నీకు మోటార్లు చూసే కళ్ళు లేవబ్బా, ఆశపడే కళ్ళే ఉండాయి" అంటుంది అతని భార్య ఉషారాణి.

ఆదివారం చర్చిలో పాస్టరుగారు విశ్వాసం, ప్రేమ, నిరీక్షణ అని మొదలుపెడితే, మొదటి రెండింటికీ ఆనందబాబు చాప మీద గీతలు లెక్కపెట్టేవాడు. మూడోది రాగానే తల ఎత్తేవాడు. ఎదురుచూడటంలో తనను మించినవాడు నెల్లూరు జిల్లాలో లేడని అతని నమ్మకం. రాని బస్సు కోసం, పోయిన కరెంటు కోసం, ఎన్నడూ పెరగని రొయ్య ధర కోసం ఎదురుచూసి చూసి అందులో ఆరితేరాడు.

నిజానికి ఆ ఆశే అతన్ని చర్చికి తెచ్చింది. అంతకుముందు అతని భక్తి అంతా క్రిస్మస్ నాటి బిరియానీతో సరి. తల్లి రాహేలమ్మ పోయినప్పుడు, గుంటలో మట్టి వేశాక, పాస్టరుగారు "ఇది ఆఖరి చూపు కాదు నాయనా, మళ్ళీ చూస్తావు" అన్నారు. అంతే, ఆనందబాబు ఆ మాట పట్టుకున్నాడు. రాహేలమ్మ రొయ్యల షెడ్డులో తలలు ఒలిచే పని చేసేది. సాయంత్రం ఇంటికి వస్తూ వీధి మొదట్లోనే "ఒరే ఆనందా, తిన్నావంట్రా?" అని ఊరంతా వినబడేలా అరిచేది. పెళ్ళయి మీసాలు నెరుస్తున్నా ఆ కేక ఆగలేదు. అది మళ్ళీ వినిపిస్తుందంటే ఏదైనా నమ్మడానికి అతను సిద్ధం. నమ్మకపోతే అమ్మ లేదు, నమ్మితే ఉంది. ఇది భక్తి కాదు, చేపల మార్కెట్లో బేరం లాంటిదని అతనికీ తెలుసు. కానీ వారం వారం అదే బేరంతో కూర్చోగా కూర్చోగా, ఎప్పుడో తెలియకుండానే నమ్మకం కుదిరింది. ప్రార్థనలో కళ్ళు మూసుకుంటే ఎవరో వింటున్నట్టే ఉండేది.

ఇక మిగిలింది ప్రేమ. దానికి సామేలు అడ్డం.

సామేలు చర్చిలో సంఘపెద్ద. ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క ఆటో ఆయనది. వాన పడుతున్న ఒక సాయంత్రం రాహేలమ్మకు గుండెలో నొప్పి వచ్చింది. ఆనందబాబు తడుసుకుంటూ సామేలు ఇంటికి పరుగెత్తాడు. సామేలు తలుపు సందులోంచే "బండి స్టార్టు కావడంలేదు" అన్నాడు. "తాళం ఇయ్యన్నా, నేను చూస్తా" అన్నాడు ఆనందబాబు. మెకానిక్కు అడుగుతున్నాడు, ఊరికే ఎవడో కాదు. సామేలు తాళం ఇవ్వలేదు, తలుపు వేసుకున్నాడు. రాహేలమ్మను మోటారుసైకిల్ మీద తనకూ ఉషారాణికీ మధ్య కూర్చోబెట్టుకుని నాయుడుపేటకు బయలుదేరారు. ఆసుపత్రి దాకా ప్రాణం ఆగలేదు.

పాస్టరుగారు శత్రువును ప్రేమించమని చెప్పినప్పుడల్లా ఆనందబాబు, శత్రువంటే పాకిస్తాను వాళ్ళేమో అన్నట్టు ముఖం పెట్టుకుని కూర్చునేవాడు. కొన్నాళ్ళకు సామేలు కాలేయం చెడి చనిపోయాడు. సమాధి కార్యక్రమానికి ఊరంతా వెళ్ళింది. ఆనందబాబు మాత్రం ఎవరూ పిలవకపోయినా దొరవారిసత్రం పోయి, బాగానే తిరుగుతున్న మోటారొకటి విప్పి, మళ్ళీ బిగించి వచ్చాడు.

ఆ మరుసటేడు స్వర్ణముఖి పొంగింది. కాలువ ఒడ్డున ఇసుకనేలలో ఉన్న సమాధుల తోట మీదుగా నీళ్ళు పారాయి. మట్టిదిబ్బలు చదునయ్యాయి, కొయ్య సిలువలు కొట్టుకుపోయాయి. నీళ్ళు తీశాక ఆనందబాబు వెళ్ళి చూస్తే అంతా ఒకటే ఇసుక. అప్పటిదాకా అతను అమ్మ సమాధి దగ్గరికి ఒక్కసారి కూడా పోలేదు, పని ఒత్తిడి అని చెప్పుకునేవాడు. పోగానే మాత్రం ప్రేమ పొంగుకొచ్చింది. తాటిచెట్టు నుంచి మూడోది అని గుర్తు. తాటిచెట్టు నుంచి మూడో చోట నిలబడి "ఇదే" అన్నాడు. కాలిపోయిన మోటారును చూసి "ఆడతాదిలే" అన్న గొంతుతోనే అన్నాడు. పునాది తీస్తుంటే వరసగా ఆల్చిప్పలు తగిలాయి. వరద తెచ్చి ఉంటుందిలే అని వాటి మీదే సిమెంటు వేశాడు. నల్లరాతి పలక మీద "రాహేలమ్మ, మళ్ళీ కలుద్దాం" అని చెక్కించాడు.

అప్పటినుంచి ప్రతి ఈస్టరుకూ ముందు శనివారం అతను సున్నం బకెట్టు పట్టుకుని బయలుదేరేవాడు. మన వైపు ఈస్టరు తెల్లవారుజామున సంఘమంతా కొవ్వొత్తులతో సమాధుల దగ్గరికి పోయి పాటలు పాడటం ఆచారం. ముందురోజు సున్నాలు కొట్టి ముస్తాబు చేస్తారు. ఆనందబాబు కట్టిన సమాధి తోటలోకెల్లా తెల్లగా మెరిసేది. అతను దాని మీద కూర్చుని అమ్మతో కష్టసుఖాలు చెప్పుకునేవాడు. అందులో సగం సామేలు మీద ఫిర్యాదులే. "తాళం అడిగినా ఇయ్యలేదు గదమ్మా" అని ఆ పలక మీద తల ఆనించి ఏడ్చేవాడు. ఏడ్చాక మనసు తేలికపడి, ఇంటికి పోయి కడుపునిండా తినేవాడు.

ఈ ఏడు అతనికొక బెంగ పట్టుకుంది. ఒకవైపు రొయ్యల గుంట గట్టు, ఒకవైపు కాలువ జరుగుతూ జరుగుతూ తోట చిన్నదైపోయింది. ఇట్టాగే ఊరుకుంటే అమ్మ పక్కన చోటు ఎవరికో పోతుంది. కడబూర మోగి చచ్చినవాళ్ళంతా సమాధుల్లోంచి లేచే రోజున, కళ్ళు తెరవగానే పక్కన అమ్మ ఉండాలిగానీ, ఎవరో ముక్కూమొగం తెలియనివాళ్ళుంటే ఎట్టా? అందుకని శనివారం మధ్యాహ్నం సున్నంతో పాటు కాసిని ఇటుకలు కూడా తెచ్చి, సమాధి పక్క ఖాళీ చుట్టూ పేర్చాడు. నాయుడుపేట బస్టాండులో కిటికీలోంచి సీటు మీద తువాలు వేసినవాడి దర్జాతో సమాధి మీద కూర్చున్నాడు.

అప్పుడే సామేలు భార్య క్యాథరిన్ కనకాంబరాల పొట్లం పట్టుకుని వచ్చింది. ఊళ్ళో బట్టలు కుట్టి బతుకుతుంది. ఆటో నాటి నుంచి ఆనందబాబు ఆమెతో మాట్లాడలేదు. చర్చిలో ఆమె కుడివైపు గుమ్మంలోంచి వస్తే అతను ఎడమవైపు గుమ్మంలోంచి పోతాడు.

ఆమె ఇటుకల వైపు చూసి, "అన్నా, ఆ ఇటకలు కాస్త తీస్తావా?" అంది.

"ఎందుకు తీయాల? ఇది మా అమ్మ పక్కన జాగా. నాకోసం పెట్టుకున్నా."

"అది నా జాగా అన్నా. మా ఆయన పక్కది."

"మీ ఆయన యాడుండాడో పోయి ఆడ పెట్టుకో."

"నువ్వు కూర్చోనుండేది ఆయన మీదనే గదన్నా."

ఆనందబాబు పెనం మీద కూర్చున్నవాడిలా లేచాడు.

క్యాథరిన్ మెల్లగా చెప్పింది. వరదకు ముందు తోటలో రెండు తాటిచెట్లు ఉండేవి. కాలువ వైపుది కూలి కొట్టుకుపోయింది. రాహేలమ్మది కూలిన చెట్టు నుంచి మూడోది. సామేలుది నిలిచిన చెట్టు నుంచి మూడోది. సామేలు సమాధి చుట్టూ ఆల్చిప్పలు పేర్చింది తనే. ప్రతి ఆదివారం వచ్చేది కాబట్టి కళ్ళకు గంతలు కట్టినా చెప్పగలదు. ఆనందబాబు సిమెంటు అంచు వంక చూశాడు. పెచ్చు ఊడిన చోట ఒక ఆల్చిప్ప పళ్ళు బయటపెట్టి నవ్వుతున్నట్టే ఉంది.

"మరి ఇన్నేండ్లూ నోరు తెరిచి చెప్పొచ్చు గదా!" అని అరిచాడు.

"మొదటి ఈస్టరుకే చెబుదామని వచ్చినా అన్నా. నువ్వు అమ్మా అని ఏడస్తా ఉన్నావు. నోరు రాలేదు. ఆయన కోసం నేను తప్ప ఇంకెవరూ ఏడవరు. తెలవకుండా అయినా ఇంకొకరు ఏడస్తా ఉండారు గదా అని ఊరుకున్నా. ఎప్పటికైనా తెలిసే ఏడస్తావని ఆశ." పొట్లం అటూ ఇటూ మార్చి, "ఆ పొద్దు బండి బాగానే ఉన్నింది. ఆయన తాగున్నాడు. సంఘపెద్ద తాగినాడంటే పరువు పోతాదని తలుపేసినాడు. మీ అమ్మ పోయిన కబురు వచ్చినాక మళ్ళీ ఆ బండి తోలలేదు, తాగి తాగి అట్టనే పోయినాడు. నీకు చెప్పుకోవాలని మీ ఇంటి దాకా వచ్చి తిరిగి పోయేవాడు" అంది.

ఆనందబాబు బకెట్టు అక్కడే వదిలేసి ఇంటికి నడిచాడు. సంగతి విని ఉషారాణి మొదట కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. "ఆయన మీద చాడీలన్నీ ఆయనకే చెప్పినావా!" అంది. మొగుడి ముఖం చూసి నవ్వు ఆపేసి అతని పక్కన కూర్చుంది.

"పలుగు యాడుండాది?" అన్నాడు అతను.

ఎండ దిగుతుండగా పలుగు భుజాన వేసుకుని మళ్ళీ తోటకు పోయాడు. ఆ సిమెంటు తన కష్టం, ఆ సున్నం తన కష్టం. సామేలుకు ఒక్క పెళ్ళ కూడా మిగల్చకూడదనే వచ్చాడు. పలుగు ఎత్తాడు. ఎత్తిన చేతులు అలాగే ఆగిపోయాయి. అతనికి కోపం తగ్గలేదు. ఆశే అడ్డొచ్చింది. ఇన్నేళ్ళుగా అతను కళ్ళు మూసుకుని చూసుకునే దృశ్యం ఒకటుంది. బూర మోగుతుంది, సమాధి తెరుచుకుంటుంది, తను చెయ్యి చాస్తాడు, అమ్మ లేస్తుంది. ఇప్పుడు అదే దృశ్యంలో అదే సమాధిలోంచి, నెత్తిన రాహేలమ్మ పలకతో సామేలు లేచి, "ఏందిరా ఆనందా, నన్ను ఆడదాన్ని చేసినావు?" అంటున్నాడు.

అతనికి నవ్వొచ్చింది. ఆ వెనకే ఇంకో సంగతి తట్టింది. అమ్మ లేచేది నిజమైతే సామేలు లేచేదీ నిజమే. సామేలు లేవకూడదనుకుంటే అమ్మ కూడా మట్టిలో ఉండిపోవాల్సిందే. ఒకరి కోసం తెరిచి ఇంకొకరికి మూసే తలుపు కాదది. ఆనాడు ఒక తలుపు వేసినందుకే కదా సామేలును ఇన్నేళ్ళూ తిట్టింది! ఇప్పుడు ఇంకో తలుపు దగ్గర, చేతిలో పలుగుతో నిలబడింది ఎవరయ్యా అంటే తనే. ఆనందబాబుకు తన మీద తనకే సిగ్గేసింది.

పలుగు మొనతో పెకలించి పలక ఒక్కటీ జాగ్రత్తగా ఊడదీశాడు. మధ్యాహ్నం వదిలేసిన బకెట్టులో సున్నం ఇంకా ఉంది. ఉన్నదంతా ఆ సమాధికే కొట్టేశాడు. ఇటుకలు తీయలేదు, అవి క్యాథరిన్‌కు పనికొస్తాయి.

తెల్లవారుజామున సంఘమంతా కొవ్వొత్తులతో వచ్చింది. క్యాథరిన్ ముందు నడిచి కాలువ వైపు ఒక మూల చూపించింది. చదునైన ఇసుక, చుట్టూ ఆల్చిప్పలు, మధ్యలో నిన్నటి కనకాంబరాలు. "నువ్వు మా ఆయనకు సున్నం కొడతా ఉంటే, నేను మీ అమ్మను వదిలేస్తే బాగుంటాదా?" అంది. ఆనందబాబు చంకలో పెట్టుకుని తెచ్చిన పలకను ఇసుకలో నిలబెట్టి, కొవ్వొత్తి వెలిగించి మోకరించాడు. ఏడవాలని చూశాడు. ఎంత పిండినా చుక్క రాలేదు. కన్నీళ్ళన్నీ ఇన్నేళ్ళూ తప్పుడు అడ్రసుకు పంపేశాడు మరి. "తిన్నానమ్మా, బాగానే తిన్నా" అని మాత్రం అన్నాడు.

తర్వాత లేచి, "వదినా, ఒక కొవ్వొత్తి ఉంటే ఇయ్యి" అన్నాడు. వదినా అని పిలిపించుకున్న క్యాథరిన్, చేతిలో ఉన్నది ఇచ్చేసి కొంగుతో ముఖం తుడుచుకుంది.

అలవాటైన కాళ్ళు అలవాటైన చోటికే తీసుకుపోయాయి. తెల్లటి సమాధి ముందు ఆనందబాబు కూర్చున్నాడు. ఇంతసేపు రాని ఏడుపు అక్కడ తన్నుకొచ్చింది. ఈసారి ఎవరి కోసమో తెలిసే ఏడ్చాడు. పేరు లేని ఆ సిమెంటు మీద చెయ్యి వేసి, పక్కన ఉషారాణికి కూడా వినబడీ వినబడనట్టు అన్నాడు.

"అన్నా, అమ్మ ఆ మూలన ఉండాది. బూర మోగిన పొద్దు నువ్వు ముందు లేస్తే నన్ను లేపు, ఇద్దరం బండిలో పోయి ఎక్కించుకుందాం. స్టార్టు కాకపోతే తాళం నాకియ్యి, నేను చూస్తా."