ఎమిల్ కోస్కి ఇరవయ్యో తూటా

ఎమిల్ కోస్కి గురించి ఎవరైనా మంచిమాట చెబితే నాకు ఒళ్లు మండుతుంది. చచ్చాక అందరూ చెప్పేవాళ్లే. బతికున్నన్నాళ్లూ, తుపాకీ గురి పోటీలో వాడి పక్క చోటు వస్తే దగ్గు గోల భరించలేక చాప అవతలికి లాక్కున్నవాళ్లే వీళ్లంతా. నేను చాప లాక్కోలేదు. నేను చేసింది అంతకంటే అన్యాయం. అది ఇంతవరకు ఒక్క మనిషికే చెప్పాను.

నన్ను పెన్‌రోజ్ అంటారు, ఊళ్లో పెన్ అంటే చాలు. రాగి తవ్వడానికి మా తాతలు కార్న్‌వాల్ నుంచి సముద్రం దాటి ఈ బ్యూట్ కొండమీదికి వచ్చారు, ఎమిల్ వాళ్లు ఫిన్లాండ్ నుంచి వచ్చారు. మా నాన్న గనిలో పోయాడని మా అమ్మ నన్ను కిందికి దిగనివ్వలేదు. లేతు మిషను మీద ఇనుము చెక్కడం నేర్చుకుని, గురి పోటీలకు తుపాకులు కట్టి బతికాను. ఎమిల్ దిగాడు. ఇరవై రెండేళ్లు భూమి కింద రాతికి రంధ్రాలు వేశాడు, ఆ దుమ్మంతా పీల్చాడు. గనులు మూతబడ్డాక హైస్కూల్లో నేల తుడిచాడు. పెళ్లాం హిల్యా పోయింది, కూతురు ఐలీ మిగిలింది. వాడికి మిగిలిన సరదా ఒక్కటే, నెలకో ఆదివారం మా క్లబ్బు మైదానంలో బోర్లా పడుకుని వెయ్యి గజాల దూరంలో గురి కొట్టడం.

మా పోటీ లెక్క చాలా తేలిక. ఇరవై తూటాలు. కాగితం నడుమ గుండ్రటి గీత లోపల పడితే పది. ఆ గుండ్రం వెడల్పు ఇరవై అంగుళాలు, వెయ్యి గజాల నుంచి చూస్తే ఆవగింజ. మధ్యలో గాలి దాని ఇష్టం వచ్చినట్టు తిరుగుతుంది. ఎనభై నాలుగులో ఎమిల్ వరసగా పందొమ్మిది లోపల పెట్టాడు. చూస్తున్నవాళ్లం గుడ్లప్పగించి నిలబడ్డాం. ఇరవయ్యోదానికి మీట మీద వేలు పెట్టిన క్షణాన దగ్గు తన్నుకొచ్చింది. ఎనిమిదిలో పడింది. వాడు లేచి చాప చుట్టుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికి పోయాడు. ఆ ఇరవయ్యోది పన్నెండేళ్లపాటు వాడి గుండెలో ముల్లులా ఉండిపోయింది.

తొంభై ఆరు జూలైలో నా షాపుకు వచ్చాడు. పాత తుపాకీ బ్యారెల్, అంటే తూటా దూసుకుపోయే గొట్టం, అరిగిపోయింది.

"కొత్తది కట్టరా పెన్. అన్నీ కొత్తవే. నా ఒంటి కొలతకి" అన్నాడు.

"అరవై ఏడేళ్లకి కొత్త పెళ్లికొడుకు షోకులేంట్రా నీకు?" అన్నాను.

"నోరు ముయ్యి. సామాను చూపించు."

బల్లమీద ఒక్కొక్కటే పెట్టాను. ముందు యాక్షన్, అంటే తుపాకీకి వెన్నెముక, బోల్టు ముందుకీ వెనక్కీ నడిచే ఉక్కు. అడుగు మూసినది తీసుకోమన్నాను. తూటాలు ఒక్కొక్కటే చేత్తో పెట్టుకోవాలి, కానీ ఉక్కు బిగువుగా ఉంటుంది. ఎమిల్ దాన్ని చేతిలోకి తీసుకుని, బోల్టు నెమ్మదిగా లాగి, నెమ్మదిగా తోసి, కిటికీ దగ్గర అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశాడు. తర్వాత మీట. మూడు మీటలు పెడితే మూడూ నొక్కాడు. నొక్కినప్పుడల్లా బల్లకు మోచెయ్యి ఆనించి ఆగాడు. తర్వాత భుజానికి ఆనే చెక్క. పొరలు అతికించిన చెక్క వంకరపోదని చెప్పాను, వాల్‌నట్ చెక్క అందమని చెప్పాను. దాని మీదా పది నిమిషాలు.

"ఏంట్రా ఈ నస? పిల్లని చూడ్డానికొచ్చినట్టు" అని విసుక్కున్నాను.

"తొందరేం ఉంది నీకు?" అన్నాడు.

వాడు ఎంపిక చేస్తున్నాడనుకున్నాను. నిజానికి ఊపిరి తీసుకుంటున్నాడు. ఒక్కో సామాను వంకతో ఒక్కోసారి ఆగుతున్నాడు. ప్రాణవాయువు సీసా అప్పటికే బండి సీట్లో ఉందట, షాపులోకి తేలేదు. ఇవన్నీ తర్వాత ఐలీ చెబితే తెలిశాయి. కళ్లున్నవాడికి ముందే తెలిసేది. ఫిన్లాండ్ వాళ్లు శనివారం ఆవిరి స్నానం మానరు, చలిజ్వరం వచ్చినా మానరు. ఎమిల్ ఆ వసంతం నుంచి మానేశాడు. అడిగితే "పొయ్యి పాడైంది" అన్నాడు. నమ్మాను. ఇంట్లో ఆవిరి పొయ్యి కూడా బాగు చేయించుకోలేని బద్ధకస్తుడని వెక్కిరించాను కూడా.

చివరికి బ్యారెల్ దగ్గరికి వచ్చాం. నా గోడకు ఒకటి వేలాడుతూ ఉండేది. ఎవరో తెప్పించమని చెప్పి తీసుకెళ్లకుండా వదిలేసిన ఉక్కు, చెప్పుకోదగ్గ పేరు లేని కంపెనీది. ఎమిల్ దాన్ని చూశాడు.

"అది కొలతకి సరిపోద్దా?"

"సరిపోద్ది."

"మరి అదే బిగించు. సెప్టెంబరు పోటీకి చేతికిస్తావా?"

"వారంలో ఇస్తా. కానీ అది నీకు కాదు."

"ఎందుకు కాదు?"

అప్పుడు నా నోరు పడిపోయినా బాగుండేది. ఒరెగాన్‌లో ఒక ముసలాయన ఉన్నాడు, రోజుకు రెండే బ్యారెళ్లు చేస్తాడు, లోపలి మెలికలు ఒక్కొక్క గీతగా కోస్తాడు, ఆయన ఉక్కు పెడితే వెయ్యి గజాల దగ్గర తూటాలు రెండంగుళాలు దగ్గరపడతాయి అని మొదలుపెట్టాను. గంట ఊదరగొట్టాను.

"ఎన్నాళ్లు పడుద్ది?" అన్నాడు.

"ఎనిమిది నెలలు."

వాడు గోడమీద ఉన్నదాన్నే చూశాడు.

"ఇదైతే సెప్టెంబరుకి అవుద్దన్నావు కదా పెన్."

"అవుద్ది, కానీ నా పేరు చెక్కి ఇచ్చే తుపాకీకి అలాంటి గొట్టం పెట్టను. ఇరవయ్యోది నీకు కావాలా వద్దా? మళ్లీ పందొమ్మిది దగ్గర ఆగిపోతావా?"

అది వాడికి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. నాకు తెలిసే అన్నాను. టోపీ తీసి బల్లమీద పెట్టి, మళ్లీ నెత్తిన పెట్టుకుని, "సరేలే, ఒరెగాన్‌కే రాయి" అన్నాడు. తర్వాత కుర్చీలో కూర్చోబెట్టి కొలతలు తీశాను. మోచేతి మడత నుంచి చూపుడువేలి దాకా పదమూడున్నర అంగుళాలు. చెంప ఎముక నుంచి కంటి దాకా ఎంతో అది. కండగల మెడ, దిట్టమైన భుజం. అన్నీ నోటుపుస్తకంలో రాశాను.

మా పనిలో ఉన్నవాళ్లు అందరూ చేసే తప్పే ఇది, కావాలంటే ఎవర్నైనా అడగండి. అర అంగుళం కోసం ఏడాది ఆగుతాం. ఆ ఏడాదిలో మనిషి అలాగే ఉంటాడనుకుంటాం.

ఎమిల్ ఆ శీతాకాలంలో రెండుసార్లు ఫోన్ చేశాడు. "వచ్చిందా?" "రాలేదురా." అంతే. నాకు చిరాకే వేసింది. ముసలాయన పని తొందరపెడితే చెడిపోతుందని ఒకసారి కసిరాను. బ్యారెల్ ఏప్రిల్‌లో వచ్చింది. అద్దంలా ఉంది. నేను ప్రాణం పెట్టి బిగించాను. మే మొదట్లో ఐలీ వాణ్ణి నా షాపు మెట్లమీదుగా చెయ్యి పట్టుకుని ఎక్కించింది. మూడు మెట్లు. రెండుచోట్ల ఆగారు. ముక్కులో గొట్టాలు, ఐలీ చేతిలో సీసా.

వాడు నవ్వాడు. "ఏంట్రా అలా చూస్తావ్? దెయ్యాన్ని చూసినట్టు."

"ఎప్పట్నించిరా ఇది?"

"ఆవిరి పొయ్యి పాడైన కాడి నుంచి."

తుపాకీ భుజానికి ఎత్తాడు. చెక్క చంకలోంచి బయటికి పొడుచుకొచ్చింది. చెంప ఆనిస్తే కన్ను తుపాకీమీది దుర్భిణికి అంగుళం కింద ఉంది. ఆ కొలతల మనిషి ఇప్పుడు లేడు. చెక్క తీసి రంపం పెట్టి ముప్పావు అంగుళం కోసేశాను. చెంప దగ్గర తోలు మీద తోలు అతికించాను. ఐలీ కిటికీలోంచి వీధి చూస్తూ నిలబడింది. ఎమిల్ మాత్రం బోల్టు లాగి తోస్తూ, "ఎంత మెత్తగా ఉందిరా, వెన్నలా" అంటూనే ఉన్నాడు.

జూన్ పోటీకి వచ్చాడు. ప్రాణవాయువు సీసా కాల్చే గీత దగ్గరికి తేకూడదని పోటీ నడిపే పెద్దాయన అన్నాడు. మందుగుండు పక్కన అది నిప్పుకు ఆజ్యం, ఆయన మాట సబబే. అయినా నేను ఆయన చొక్కా పట్టుకోబోయాను. ఎమిల్ ఆపాడు.

"వదిలెయ్ పెన్. ఇరవై తూటాలకి ఎంతసేపు? గొట్టాలు తీసేస్తా."

సీసా పది అడుగుల వెనక ఐలీ దగ్గర ఉంది. నేను పక్కన కూర్చుని అంకెలు రాస్తున్నాను. పోటీ మధ్యలో ఇంకొకరి చెయ్యి పడకూడదు, అదీ రూలే. మొదటిది పది. రెండోది పది. గాలి ఎడమనుంచి తిరిగింది, వాడు ఆగి, జెండాలు చూసి, కొంచెం పక్కకు పట్టాడు. పది. ప్రతి తూటాకూ ఊపిరి వదిలి, ఆ ఖాళీలో నొక్కాలి. ఎమిల్‌కు ఆ ఖాళీ ఒక్క క్షణం కూడా మిగల్లేదు. మధ్య మధ్య తల వాల్చి చాపకు నుదురు ఆనిస్తున్నాడు. ఏడోదానికి పెదాలు నీలమయ్యాయి. తొమ్మిదోది పది. పదోది పది.

"ఎమిల్, చాలురా" అన్నాను.

"నోరు ముయ్యి. రాసుకో."

పదకొండోది పది. నట్టనడుమ. ఆ తర్వాత తూటా చేతిలోకి తీసుకున్నాడు గానీ పెట్టలేకపోయాడు. వేళ్లలోంచి జారి చాపమీద దొర్లింది. బోల్టు వెనక్కి లాగి తెరిచి ఉంచాడు, రూలు ప్రకారం. తలతిప్పి నావైపు చూశాడు.

"నువ్వు చెప్పిందే నిజంరా. ఒరెగాన్ గొట్టం మంచిదే."

అరవడమో, తన్నడమో చేసి ఉంటే బాగుండేది. మెచ్చుకున్నాడు వెధవ. కార్డుమీద పదకొండు పదులు, తొమ్మిది సున్నాలు రాసి సంతకం చేశాను. ఆ రోజు లెక్కలో వాడే ఆఖరివాడు. జూలై ఇరవైన పోయాడు. సమాధి దగ్గర ఎవరో, "కోస్కి భలే ఓపికమంతుడు" అన్నారు. నేను అక్కణ్ణుంచి వచ్చేశాను.

ఐలీ తుపాకీని నా షాపులో పెట్టి వెళ్లింది. రెండు నెలలు దానివైపు చూడలేదు. అక్టోబరులో ఒక పొద్దున నాకేం పుట్టిందో, ఒరెగాన్ బ్యారెల్ విప్పేసి గోడమీది పేరులేని ఉక్కును దించాను. మర కోసి, తూటా కూర్చునే గది తొలిచి, అదే యాక్షన్‌కు, అదే చెక్కకు బిగించాను. ఒక్క రోజు పని. గాలి లేని ఆదివారం చూసి ఐలీకి ఫోన్ చేసి, గురి కాగితం కింది గుంటలో కూర్చుని, తూటా తగిలినచోట బిళ్ల పెట్టి కాగితం ఎత్తి దించాలి, వస్తావా అని అడిగాను. ఎందుకని అడక్కుండా వచ్చింది. దారిలో మాంసం కూరిన రెండు పాస్టీలు కొనుక్కొచ్చింది, నేను ముట్టలేదు.

అది చెడ్డదని తేలాలని దేవుణ్ణి వేడుకున్నాను. పడుకుని కాల్చాను. నేను ఎమిల్ కాలిగోటికి కూడా చాలని గురికాణ్ణి. ఒకటి, రెండు, పది, పదిహేను. ప్రతిసారీ కాగితం కిందికి దిగి, తెల్ల బిళ్లతో పైకి లేచింది. పందొమ్మిదోది లోపల. ఇరవయ్యోదానికి కావాలనే గాలి జెండాలు చూడకుండా నొక్కాను. కాగితం దిగింది. లేచింది. బిళ్ల గీత లోపలే ఉంది.

ఐలీ వెయ్యి గజాలూ నడిచి వచ్చింది, కాగితం చుట్టి చంకలో పెట్టుకుని. మొహం వెలిగిపోతోంది.

"ఇరవైకి ఇరవై, బాబాయ్! చూశావా నాన్న ఆగి తెప్పించుకున్న బ్యారెల్ ఎంత మంచిదో! ఇంకాస్త ఓపికుంటే నాన్నే కొట్టేవాడు."

చెప్పకుండా ఉండొచ్చు. ఎవరికీ తెలిసేది కాదు. కానీ నేను చెప్పాను, మొత్తం చెప్పాను. నిరుడు జూలైలో వాడు గోడమీది దాన్ని ఎన్నిసార్లు అడిగాడో, నేను ఏమని నోరు మూయించానో కూడా.

ఐలీ కాగితం విప్పి, ఇరవై చిల్లులనూ వేలితో ఒక్కొక్కటే తడిమింది.

"నిరుడు సెప్టెంబరులో నాన్న మెట్లు ఒక్కడే ఎక్కేవాడు, బాబాయ్" అంది.

కాగితం నా చాపమీద పెట్టి బండివైపు నడిచింది.