అత్త బస్సు దిగని రోజు

డెబ్బైల్లో నేను తిరువూరుకి కోడలిగా వచ్చేనాటికే మా అత్త బస్టాండులో పళ్లు అమ్మబట్టి ఇరవై ఏళ్లు దాటింది. జామకాయల కాలంలో జామ, వానలు వెనకపట్టాక సీతాఫలాలు, ఎండాకాలం మామిడి. బస్సు ఆగగానే గంప నెత్తిన పెట్టుకుని కిటికీ కిటికీకీ తిరిగేది. లోపలివాళ్లకి అందకపోతే రెండు చేతులా పైకెత్తి పట్టుకునేది. సాయంత్రం ఇంటికొచ్చి గోడకి చేరగిలబడితే నేను ఆవిడ మెడకి ఆముదం రాసేదాన్ని. అక్కడి కండ మడమలా గట్టిపడిపోయింది.

ఎండలు ముదిరాక ఒకరోజు మధ్యాహ్నం ఆవిడకి అన్నం తీసుకెళ్లాను. ఆవిడ చోట్లో గోనెపట్టా, దాని మీద సగం కాయలు ఉన్నాయి. మనిషి లేదు. పక్కన సోడాలమ్మే ఆయన్ని అడిగాను.

“బెజవాడ బస్సెక్కి అమ్ముతోందమ్మా. బస్సు కదిలింది. కేకేశాను. దిగలేదు,” అన్నాడు.

మా ఆయన మామిడి కోతకి రెడ్డిగూడెం వెళ్లాడు. ఎవరికి చెప్పను? ఆ పట్టా మీదే కూర్చున్నాను. బెజవాడ నుంచి బస్సు వచ్చినప్పుడల్లా లేచి చూడడం, మళ్లీ కూర్చోవడం. అడిగినవాళ్లకి కాయలిచ్చాను. ఊరికే కూర్చున్నా ఒళ్లంతా ఉడికిపోయింది.

పొద్దు వాలుతుండగా అత్త దిగింది. గంపలో కాయలు తీసుకెళ్లినవి తీసుకెళ్లినట్టే ఉన్నాయి.

“ఎక్కడికెళ్లావత్తా? నా గుండె ఆగిపోయిందనుకో!”

“ఎక్కడికీ లేదే. సీటు ఖాళీగా ఉంటే కాసేపు కూర్చున్నా. బస్సు కదిలింది. దిగుదామనే అనుకున్నా. లేవబుద్ధి కాలేదు.”

“కండక్టరు ఏమనలేదా?”

“‘దిగవా మామ్మా’ అన్నాడు. దిగనయ్యా అన్నాను. టికెట్టు కొట్టాడు. మైలవరం దాటాక నిద్రపట్టేసింది. బెజవాడలో లేపితే తిరుగు బస్సెక్కి కూర్చున్నా.”

“అక్కడైనా అమ్మలేకపోయావా?”

“ఒకావిడ అడిగింది. ఇవి అమ్మేవి కావమ్మా అని చెప్పా.”

ఆ మాట అంటూ నా మొహంలోకి చూడలేదు, ఏదో తప్పు చేసినట్టు. తిడదామనుకున్నదాన్ని మానేసి గంప నేనే ఎత్తుకున్నాను. ఇల్లు చేరేలోపు రెండుసార్లు దించాల్సి వచ్చింది. ఆవిడ ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు పక్కనే నడిచింది.

“ఇంక మానెయ్యమ్మా,” అన్నాడు మా ఆయన కోత నుంచి వచ్చాక.

“మానేసి ఏం తింటార్రా?” అంది.

మర్నాటి నుంచి ఇద్దరం వెళ్లాం. కిటికీల దగ్గరికి నేను, పట్టా మీద ఆవిడ. సిగ్గుతో కేకెయ్యలేక కాయలు పైకెత్తి చూపించేదాన్ని. వారం తిరిగేసరికి నా మెడ కూడా పట్టేసింది. ఆవిడకి మాత్రం కూర్చుని అమ్మడం ఎంతకీ అలవాటు కాలేదు. హారను వినపడితే చాలు, మోకాళ్ల మీద చేతులు ఆన్చి లేవబోయేది.

“కూర్చో అత్తా, నేను వెళ్తున్నాగా,” అనేదాన్ని.

కూర్చునేది.