ఏమీ ఇవ్వని వైపు

ఆ ప్రాజెక్టుకు పెద్దాయన్ని మేమంతా సార్ అనేవాళ్లం. హైదరాబాద్‌లో ఒక పరిశోధన సంస్థలో ప్రొఫెసర్. తెలుగు పల్లెల నుంచి వలస వచ్చిన కుటుంబాల పిల్లల చదువు గురించి పరిశోధించడానికి సూరత్ వచ్చేవాడు. విమానం దిగి కారెక్కగానే ఆయన మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: హోటల్లో ఫిల్టర్ కాఫీ దొరుకుతుందా లేదా. పిల్లల సంగతి ఆ తర్వాత, అదీ మధ్యాహ్నం ఎండ తగ్గాక.

నేను సూరత్‌లోని డిండోలి పేటలో పుట్టి పెరిగాను. మా నాన్న జగిత్యాల వైపు పల్లె నుంచి వచ్చి ఇక్కడ సాంచాలు నడిపాడు. మరమగ్గాలను మావాళ్లు అలాగే అంటారు. మా పేటలోని మునిసిపాలిటీ తెలుగు బడిలో చదువుకున్నాను. పై చదువులు గుజరాతీలో సాగాయి. తెలుగు, హిందీ, గుజరాతీ మూడూ వచ్చి, ఇరుకు మెట్లెక్కి ఇల్లిల్లూ తిరగగలిగి, ఇచ్చింది పుచ్చుకుని నోరు మూసుకునే మనిషి కావలసి వచ్చింది ఆయనకు. మొదటివన్నీ నాలో ఉన్నాయి. చివరిది కూడా ఉందనుకున్నాడు.

పరిశోధన పద్ధతిని ఆయనే మాకు బోర్డు మీద గీసి చెప్పాడు. కామ్‌రేజ్ వైపు కొత్త కాలనీల్లోని తెలుగు పిల్లలకు పాఠాలు నింపిన ట్యాబులు ఇస్తారు. డిండోలి పిల్లలకు ఏమీ ఇవ్వరు. ముందొకసారి, ఏడాది తిరిగాక మరోసారి ఇద్దరికీ పరీక్ష పెట్టి పోల్చి చూస్తారు.

"మా డిండోలికి ఎందుకివ్వరు సార్?" అని అడిగాను.

"ఒక వైపు ఏమీ ఇవ్వకపోతేనే కదమ్మా, ఇచ్చిన దాని విలువ తెలిసేది" అన్నాడు. అంతకన్నా తేలికైన విషయం లోకంలో లేనట్టు నవ్వాడు.

మొదటి పరీక్షకు పిల్లల్ని ఎక్కడ కూర్చోబెట్టాలన్న ప్రశ్న వచ్చింది. మా తెలుగు బడికి అప్పటికే తాళం పడింది. ఉన్న ఒక్క పంతులమ్మ రిటైరయ్యాక ఇంకొకరిని వేయలేదు. బడి తెరవమని మా చిన్నమ్మ, అంటే నాన్న తమ్ముడి భార్య, మిగతా తల్లులను వెంటేసుకుని వార్డు ఆఫీసు చుట్టూ ఎన్నోసార్లు తిరిగింది. ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్లు అతికించే ఆడవాళ్లు వాళ్లు. ఆఫీసుకు వెళ్లిన రోజు ఆ రోజు పని పోయినట్టే. వెళ్లినప్పుడల్లా తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలియదన్నారు. సార్ కారులోంచే ఎవరికో ఫోన్ చేశాడు. ఆయన కాఫీ తాగడం అయ్యేలోపు ప్యూను తాళంచెవి పట్టుకొచ్చి వంగి నమస్కారం పెట్టాడు.

బూజు దులిపాం. పిల్లలు పరీక్ష రాసి, బిస్కెట్లు తిని వెళ్లారు. పెద్ద పిల్లల పరీక్షలు ఇంకా మిగిలి ఉన్నాయని తాళంచెవి నా దగ్గరే ఉంచి సార్ హైదరాబాద్ వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున బడికి వెళ్లేసరికి గుమ్మం ముందు జనం. పిల్లలకు తలంటి, నూనె పెట్టి దువ్వి, ఉన్నవాటిలో మంచి బట్టలు తొడిగి తీసుకొచ్చారు తల్లులు. అందరికన్నా ముందు మా చిన్నమ్మ, కూతురి చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది.

"పంతులమ్మ వచ్చిందట గదనే! ఏడున్నది? జర నమస్తే చెప్పిపోతం" అంది.

"పంతులమ్మ రాలేదు చిన్నమ్మా. నిన్న జరిగింది ఉత్త పరీక్ష."

"బడి తీసిండ్రు గద?"

"తీశారు..."

"మరి ఇంకేంది? నువ్వు చదువుకున్నదానివే గద. గా బోర్డు తుడిచి చెప్పు. మేం పనికి పోవాలె."

పిల్లల్ని లోపలికి తోసి వెళ్లిపోయారు. నేను బోర్డు తుడిచాను. పొద్దున పాఠాలు, మధ్యాహ్నం పరీక్షలు. అలా వారం నడిచింది. పాండేసర మిల్లులో రంగుల పని చేసే మా చిన్నాన్న, డ్యూటీ దిగి ఇంటికి వెళ్తూ కిటికీ దగ్గర సైకిలాపి, కూతురు 'అమ్మ' అని రాయడం చూసి, మళ్లీ సైకిలెక్కేవాడు. ఆ వారం నేను పడ్డంత సంతోషం ఆ ఉద్యోగంలో మళ్లీ పడలేదు.

సంగతి సార్‌కు ఎలాగో తెలిసింది. తర్వాతి విమానానికే దిగాడు. ఈసారి కాఫీ మాటెత్తలేదు.

"నువ్వు వాళ్లకు పాఠాలు చెప్తున్నావా?"

"అవును సార్."

"ఎంత పని చేశావమ్మా! డిండోలి ఏ వైపో తెలుసుగా? వాళ్లు నేర్చుకోకూడదు!"

అనేశాక ఆ మాట ఆయన చెవికే ఎబ్బెట్టుగా తగిలినట్టుంది. "అంటే, మన వల్ల నేర్చుకోకూడదు" అని సర్దుకున్నాడు. పిల్లల చదువు కోసం బతుకు ధారపోసినట్టు సభల్లో చెప్పుకునే మనిషి, పిల్లలు 'అమ్మ' అని రాసినందుకు చెమటలు కక్కడం నా కళ్లతో చూశాను. అంతవరకు ఆయనంటే కొంత భయం ఉండేది. ఆ రోజుతో పోయింది.

నష్టాన్ని సరిదిద్దడానికి ఆ సాయంత్రం అదే గదిలో తల్లులతో సమావేశం పెట్టాడు. చిన్నమ్మ లేచి నిలబడింది.

"సారూ, మాకు ట్యాబులు గిట్ల ఏం వద్దు. గీ తాళం తీసే ఉంచుండ్రి. మా పిల్ల చెప్తది, మా పోరగాండ్లు నేర్చుకుంటరు. మీకేం ఖర్చు గాదు."

"చాలా విలువైన ఇన్‌పుట్ అమ్మా" అన్నాడు సార్, తల పంకిస్తూ.

చిన్నమ్మ నా వైపు తిరిగింది. "ఇన్‌పుట్ అంటే ఏందే?"

"నువ్వు చెప్పింది రాసుకుంటాడట."

"రాసుకొని?"

ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. సార్ అది మెచ్చుకోలు అనుకున్నాడు. ఆ ఉత్సాహంలో ఇంకో ప్రశ్న వేశాడు: "మీ ఊళ్లో ఏ అభివృద్ధి జరిగితే మీరు తిరిగి వెళ్లిపోతారు?"

"మా ఊరికి గూడ మీ అసొంటి సార్లు వచ్చిండ్రు" అంది చిన్నమ్మ. "ఊరు బాగుచేస్తమని ఆడోళ్లందరికి కొవ్వొత్తులు చేసుడు నేర్పిండ్రు. ఇంటింటికి కరెంటొచ్చినంక. కొనేటోడు లేక అవి అట్లనే పడున్నయి. మేం సూరత్ బండెక్కినం."

సార్ గడియారం చూసుకుని అందరికీ కృతజ్ఞతలు చెప్పాడు. వెళ్తూ తాళంచెవి తీసుకున్నాడు. నా ఉద్యోగం కూడా దాంతో పాటే తీసుకున్నాడు.

ఆ తర్వాత తల్లులతో కలిసి నేనూ వార్డు ఆఫీసుకు వెళ్లాను. అధికారి కంప్యూటర్లో వెతికి, మీ పేటలో తెలుగు బడిలో చదివే పిల్లలే లేరు, లేని పిల్లలకు టీచర్ని ఎలా వేస్తామని అడిగాడు. బడి మూసేశారు కాబట్టి పిల్లలు లేరు, పిల్లలు లేరు కాబట్టి బడి తెరవరు. ఈ ఘనకార్యాన్ని నెలజీతం తీసుకుంటూ, కాస్తయినా సిగ్గుపడకుండా చెప్పాడు. చిన్నమ్మ చివరికి కూతుర్ని హిందీ బడిలో వేసింది.

ఏడాది తిరిగాక సార్ తన ఫలితాలను విమానాశ్రయం దారిలోని పెద్ద హోటల్లో వినిపించాడు. ప్రాజెక్టులో మిగిలిన స్నేహితురాలు రమ్మంటే వెళ్లి వెనక వరసలో కూర్చున్నాను. ట్యాబులు ఇచ్చినవాళ్లకూ ఇవ్వనివాళ్లకూ పెద్ద తేడా రాలేదట. కామ్‌రేజ్ పిల్లలు వాటిలో పాటలు చూసుకున్నారని మా అందరికీ తెలుసు. అసలు కారణం తల్లిదండ్రులకు చదువు మీద అవగాహన లేకపోవడమే అని సార్ తేల్చాడు. హాలంతా చప్పట్లు.

నేను లేచాను. "సార్, పొద్దున్నే పిల్లలకు తలంటి మీరు తెరిపించిన బడి ముందు నిలబడ్డ తల్లులు వీళ్లే కదా? ఏ అవగాహన లేదు వీళ్లకు?"

"మంచి ప్రశ్న" అన్నాడు, నన్ను ఎన్నడూ చూడనట్టు. "రెండో దశలో దీన్ని తప్పకుండా పరిశీలిద్దాం." వెంటనే ఎవరో భోజనాలు సిద్ధమన్నారు. అవగాహన ఉన్నవాళ్లంతా పళ్లేల దగ్గరికి పరుగెత్తారు. నేను ఆటో ఎక్కి ఇంటికొచ్చాను.

ఇప్పుడు ఆదివారాలు చిన్నమ్మ ముందుగదిలో చీరల మూటలు ఓ మూలకు నెట్టి చాప పరుస్తుంది. నేను వెళ్లి తెలుగు చెప్తాను. పిల్లలు ఎక్కువమంది రారు. వచ్చినవాళ్లు గుణింతాల మధ్య హిందీలో పోట్లాడుకుంటారు. చిన్నమ్మ కూతురు మాత్రం కూడబలుక్కుని కథలు చదువుతోంది. 'ళ' దగ్గర ఇంకా తడబడుతుంది.

మొన్నొక ఆదివారం మెడలో కార్డులు వేసుకుని ఇద్దరు వచ్చారు. వలస కుటుంబాల్లో చదువు మీద అవగాహన ఎంతుందో కనుక్కుంటున్నామని, కొన్ని ప్రశ్నలుంటాయని అన్నారు.

చిన్నమ్మ గడప దాటనివ్వలేదు. "లోపల పోరలు చదువుకుంటున్నరు. జర లొల్లి చేయకుండ్రి" అని తలుపు వేసి, వచ్చి మళ్లీ రాళ్లు అతికించే పనిలో కూర్చుంది.