అద్దాలు కప్పిన రోజు

2017 ఎండాకాలం. మంచిర్యాల కొత్తగా జిల్లా అయిన మరుసటి ఏడు. రైల్వే స్టేషన్‌కు పోయే దారిలో మాకు కళ్లజోళ్ల దుకాణం ఉంది. నేను ఆప్టోమెట్రిస్ట్‌ని. అంటే కంటికి మందిచ్చి ఆపరేషన్ చేసే డాక్టర్ని కాదు, చూపు కొలిచి కళ్లజోడు అమర్చే మనిషిని. పుట్టింది సిరిసిల్లలో, మరమగ్గాల చప్పుడు మధ్య. అందుకే నాకు మెల్లగా మాట్లాడడం చేతకాదు. "బిడ్డా, నాకు కండ్లే కనబడ్తలేవు, చెవులు మంచిగనే ఉన్నయి" అని ముసలివాళ్లు నన్ను ఆటపట్టిస్తుంటారు.

మా దుకాణం గోడల నిండా అద్దాలే. ఫ్రేమ్ పెట్టుకున్న ప్రతివాళ్లూ మొదట చూసుకునేది తమ ముఖం. చూపు ఎలా ఉందన్నది ఆ తర్వాతి సంగతి. ఆ రోజు మధ్యాహ్నం వచ్చిన జంగుబాయి మాత్రం గోడల వంక చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. జన్నారం అవతలి గోండుగూడెం వాళ్లది. ముప్పై ఏళ్లుంటాయేమో. నల్లటి ముఖం, నుదుటి మీద పచ్చబొట్టు చుక్కలు. చేతిలో కంటి డాక్టర్ రాసిచ్చిన చీటీ ఉంది.

"అక్కా, గీ అద్దాలన్నీ జర కప్పుతవా?" అంది.

ఎండకు తల తిరిగిందేమో అనుకున్నాను. మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టి, ఎందుకని అడిగాను.

"నా బిడ్డను పక్క బట్టల దుకాణం అరుగు మీద కూసోబెట్టొచ్చిన. పదేండ్లది. దానికి అద్దం కనబడొద్దు."

ఆ పిల్ల పేరు సరిత. పుట్టడమే పత్తిలా తెల్లగా పుట్టిందట, వెంట్రుకలూ కనురెప్పలూ సహా. పురిటి గదిలోకి తొంగి చూసిన అత్త "ఇది మా రక్తం కాదు" అని వెనక్కి తిరిగింది, మళ్లీ రాలేదు. మొగుడు కొన్నాళ్లు వచ్చి పోతూ ఉండి, అతనూ మానేశాడు. గూడెంలో పిల్లలు సరితను "దొరసాని" అని పిలుస్తారు. పెద్దవాళ్లు అంతకంటే చెడ్డ మాటే అంటారు, కాకపోతే జంగుబాయి వెనక.

"నేనేమన్న చెయ్యాలె గదక్కా. ఇంట్ల అద్దం తీసేసిన. జుట్టుకు నల్లరంగు నేనే ఏస్త. 'నీకు ఎండ పడదు బిడ్డా, గందుకే తెల్లగున్నవు, పెద్దగైతే అచ్చం నా లెక్కనే ఐతవు' అని చెప్పుకుంటొచ్చిన. నమ్మింది. ఇప్పుడు హాస్టల్ల ఏస్తున్న, సార్లు కండ్లజోడు కావాలన్నరు. కండ్లు మంచిగ కనబడ్డంక అద్దంల మొఖం చూసుకుంటే, 'నేను నీ బిడ్డనేనా' అని అడుగుతది. అడిగితె నేనేం చెప్పాలె?"

దీన్ని ఆల్బినిజం అంటారు. ఒంట్లో రంగు సరిగా తయారుకాని పుట్టుక. కంటికి కూడా ఆ రంగు కావాలి, లేకపోతే వెలుగు తట్టుకోలేదు, చూపు సరిగా పెరగదు. ఇవి చెప్తూ చెప్తూ, నాకు మామూలైన ఒక సంగతిని కూడా అలవోకగా చెప్పేశాను. ఇది చాలావరకు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తేనే పిల్లలో బయటపడుతుందని.

ఆమె చీటీని పట్టుకున్న చేతిని ఒళ్లోకి దించుకుంది. "అంటే గాయన దిక్కు నుంచి గూడ రావాలెనా?"

"వస్తేనే గిట్ల పుడ్తరు."

ఏ రంగును చూపించి ఊరంతా వేలెత్తిందో, ఆ రంగే ఆమె పక్షాన సాక్ష్యం చెప్తోంది. పదేళ్లుగా ఆ మాట చెప్పినవాళ్లు లేరు. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం. ఆమె లేచి, "అయినా అద్దాలు కప్పక్కా" అంది. పైనున్న మా ఇంట్లోంచి మా అన్న పంపిన సిరిసిల్ల చీరలు తెచ్చి అన్నిటికీ కప్పాను. అప్పుడే వచ్చిన పాత గిరాకీ ఒకాయన "సున్నమేపిస్తున్నరా మేడం?" అన్నాడు. అవునన్నాను.

సరిత తల ఒక పక్కకు తిప్పుకుని లోపలికి వచ్చింది. కనుపాపలు అటూ ఇటూ ఊగుతున్నాయి. దీన్ని నిస్టాగ్మస్ అంటాం. తల పక్కకు తిప్పితే ఆ ఊపు తగ్గుతుంది, అందుకే అలా చూస్తారు. "పాఠం చెప్తుంటే మొఖం తిప్పుకుంటదని సారు కొడ్తడు" అని జంగుబాయి చెప్పింది. ఆ సారుకూ, చేరబోయే హాస్టల్ సార్లకూ చూపించమని నేనొక కాగితం మీద సంగతి రాసిచ్చాను. ముందు బెంచీ, పెద్ద అక్షరాలు, తల తిప్పితే తిప్పనివ్వండి అని. చూపు కొలిచాను. కళ్లజోడుతో పూర్తి చూపు రాదని ఇద్దరికీ ముందే చెప్పాను. వెలుగు బాధ తగ్గుతుంది, దగ్గరివి నయంగా కనిపిస్తాయి, అంతే.

కరీంనగర్ నుంచి రంగు లెన్సులు రావడానికి వారం పట్టింది. వాళ్లు వచ్చేసరికి ఈసారి అడగకముందే చీరలు కప్పి ఉంచాను.

మా పనిలో లెన్సు ఎంత ముఖ్యమో ఫిటింగ్ కూడా అంతే ముఖ్యం. మనిషి ముఖం రెండు వైపులా ఒక్కలా ఉండదు. చెవుల్లో ఒకటి ఎత్తుగా ఉంటే ఫ్రేమ్ వంకరగా కూర్చుంటుంది. అప్పుడు చెవి మీద ఆనే కాడను వేడిచేసి వంచుతాం. సరితకు కళ్లజోడు పెట్టి చూస్తే ఎడమ వైపు బాగా పైకి లేచింది. ఇంత తేడా అరుదుగా చూస్తాను. కాడను వంచుతుంటే ఆ పిల్ల తల్లిని చూపించి అంది, "మా అవ్వకు గూడ ఒకటి పెట్టుండ్రి మేడం, ఎట్లుంటదో చూస్త."

జంగుబాయి వద్దు వద్దంటుంటే ఒక ఖాళీ ఫ్రేమ్ తీసి పెట్టాను. ఎడమ వైపు పైకి లేచింది. అదే వైపు, అంతే ఎత్తు.

నా నోరు ఊరుకోదు కదా. "ఇగో, తల్లీబిడ్డల చెవులు రెండూ ఒకే వంకర" అన్నాను.

సరిత కొత్త కళ్లజోడుతో తల్లి ముఖానికి దగ్గరగా వచ్చి, తల పక్కకు తిప్పి చూసింది. ముందు చెవి, తర్వాత నుదుటి మీద చుక్కలు ఒక్కొక్కటే. ఆ తర్వాత నేరుగా గోడ దగ్గరికి నడిచి చీర కొంగు పక్కకు లాగింది. జంగుబాయి కుర్చీలోంచి సగం లేచింది.

"చీరె కింద అద్దమున్నదని మొన్ననే ఎరుక" అంది సరిత. "బడిల పంపు కాడ గూడ ఒకటుంది. ఎప్పుడో చూసుకున్న అవ్వా."

"మరి నన్నెందుకడగలే?"

"అడిగితె నువ్వు ఏడుస్తవని. పెద్దగైతే నల్లగైతవని నువ్వు చెప్పినప్పుడల్లా ఊఁ అన్న."

తల్లి బిడ్డ కోసం పదేళ్లు అద్దాన్ని దాచింది. బిడ్డ తల్లి కోసం ఆ అద్దాన్ని చూడనట్టే ఉండిపోయింది. పదేళ్ల పిల్లకు అంత ఓర్పు ఎవరు నేర్పారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నేను ఇద్దరు పిల్లల్ని కన్నదాన్ని. ఆ క్షణంలో ఆ పిల్ల ముందు నేనే చిన్నదాన్ని అనిపించింది.

సరిత తల్లిని చెయ్యిపట్టి లాక్కొచ్చి అద్దం ముందు తన పక్కన నిలబెట్టింది. ఒకటి నల్లటి ముఖం, ఒకటి తెల్లటి ముఖం, రెండింటి మీదా కళ్లజోళ్లు. తల్లిది ఒకవైపు ఒరిగి ఉంది.

"రంగు రాకపోతె రాకపాయె" అంది. "చెవి వచ్చింది గద."

జంగుబాయి ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. నేను కాడ వంచే పని ఉన్నట్టు వెనక్కి తిరిగి, నా కళ్లు తుడుచుకున్నాను. ఆ పూట గిరాకీలు ఎవరైనా వచ్చారో లేదో గుర్తులేదు.

ఆ రోజు నుంచి నా పనిలో ఒకటి మారింది. పిల్లలకు కొత్త కళ్లజోడు పెట్టగానే చేతికి అద్దం ఇవ్వను. "ముందు నీ ఎంట వచ్చినోళ్లను చూడు" అంటాను. ముఖం ఎలా ఉందో తర్వాత చూసుకోవచ్చు, ఎవరిదో ముందు తెలియాలి. ఇన్నేళ్ల చదువూ పనీ చెప్పని ఈ పాఠాన్ని నాకు ఒక పదేళ్ల పిల్ల చెప్పింది.

సరిత ఏటేటా వస్తూనే ఉంది. జుట్టుకు రంగు ఎప్పుడో మానేసింది. ఇప్పుడు ఇంటర్ అయిపోయింది. మొన్న వానాకాలంలో తెల్లటి జడ, నల్ల కళ్లజోడు, నెత్తిన టోపీతో వచ్చింది. ఈసారి చూపు చూపించుకోవడానికి వచ్చింది తను కాదు. తల్లిని వెంటబెట్టుకొచ్చింది. జంగుబాయికి చత్వారం వచ్చింది, సూదిలో దారం ఎక్కడం లేదట.

నేను ఫ్రేమ్ తీసి ఆమె ముఖానికి పెట్టబోతుంటే, సరిత నా చెయ్యి ఆపింది.

"ఎడమ కాడ ముందే వంచుండ్రి మేడం. మా అవ్వ అచ్చం నా లెక్కనే."