దాచిపెట్టిన పేరు

మా వంశంలో ఒక తరం విడిచి ఒక తరానికి రాయప్ప అనే పేరు వస్తుంది. మా తాత రాయప్ప. నేను రాయప్పను. నా కొడుక్కి పుట్టే మొదటి మగపిల్లవాడు రాయప్ప కావాలి. కూతురి బిడ్డలకు ఆ పేరు పెట్టే ఆచారం మాకు లేదు.

క్రీస్తు శిష్యుడు పేతురునే మా వైపు కథోలికుల ఇళ్ళలో రాయప్ప అంటారు. ఆయన మొదటి పేరు సీమోను. చేపలు పట్టి బతికేవాడు. ప్రభువు ఆయనకు తన భాషలో కేఫా అని కొత్త పేరు పెట్టాడు. గ్రీకులో అది పేత్రోస్ అయింది. రెండిటి అర్థమూ రాయే. ఎప్పుడో ఈ ప్రాంతానికి వచ్చిన గురువులు ఆ శబ్దాన్ని వదిలి అర్థాన్ని మాత్రం తెలుగులోకి తెచ్చారు. పౌలు అంటే లాటిన్‌లో చిన్నవాడని అర్థం. అందుకే ఆయన మాకు చిన్నప్ప. ఇద్దరి పండుగా జూన్ నెలాఖరున ఒకే రోజు వస్తుంది. ఇదంతా మా తాత చెప్పాడు. చెప్పేటప్పుడు నన్ను గోడకు ఆనించి నిలబెట్టేవాడు. "నిటారుగా నిలబడరా. పేరుకు తగ్గట్టుండాలి" అనేవాడు.

సత్తెనపల్లికి కొద్ది దూరంలో ఉన్న మా ఊరి చర్చికి స్థలం ఇచ్చింది మా ముత్తాత. ముందు వరుసలో మొదటి బల్ల మాది. తర్వాత పత్తి కొంత పొలాన్ని తిన్నది, ఎండిన బోర్లు కొంత తిన్నాయి, మిర్చి పూతకు తామరపురుగు పట్టిన ఏడాది మిగిలింది పోయింది. ఇప్పుడు మా పాత పొలంలోనే రెండెకరాలు కౌలుకు చేస్తున్నాను. అయినా ఆదివారం వెళ్ళి ఆ మొదటి బల్ల మీదే కూర్చుంటాను.

"ఏరా రాయీ, బల్ల కూడా కౌలుకేనా?" అన్నాడు ఒకసారి నాతో చదువుకున్నవాడు. అందరూ నవ్వారు. నేను తల తిప్పలేదు. మాకు మిగిలింది పేరొక్కటే అనుకునేవాణ్ణి. అలా అనుకోవడం వల్లే ఆ పని చేశాను.

ఒక ఏడాది జూన్‌లో, ఆ ఇద్దరి పండుగ వారంలోనే మా అమ్మాయికి ఏడో నెలలో కాన్పయింది. పొద్దున పదింటికి మగపిల్లవాడు పుట్టాడు. నా అరచేతిలో పట్టేంత ఉన్నాడు. డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి, "ఎక్కువసేపు ఉండడండి" అంది. అల్లుడు ఫాదర్ గారికి ఫోన్ చేశాడు. ఆయన గుంటూరులో ఉన్నారు. బిడ్డ ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఎవరైనా నీళ్ళు పోసి, పేరు పెట్టి జ్ఞానస్నానం ఇవ్వచ్చు. "మీరే ఇవ్వండి, ఆగకండి" అని చెప్పారు.

నర్సు స్టీలు గ్లాసుతో నీళ్ళు తెచ్చి నా చేతికిచ్చింది. అమ్మాయి మంచం మీద నుంచి చెయ్యి చాపి నా చొక్కా అంచు పట్టుకుంది.

"నాన్నా, మీ పేరు పెట్టండి."

నేను విన్నాను. వినలేదని ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా చెప్పుకోలేదు. హైదరాబాదులో ఉన్న కొడుక్కి అప్పటికి పెళ్ళై ఆరు నెలలు. రేపు వాడికి పుట్టబోయేవాడి పేరు, గంటలో పోయే బిడ్డకు ఇస్తే అయిపోతుందనిపించింది. గ్లాసు వంచి ఆ నుదుటి మీద నీళ్ళు పోశాను. పిత, పుత్ర, పవిత్రాత్మ పేరున చిన్నప్ప అన్నాను.

అమ్మాయి నా చొక్కా అంచు వదిలేసింది.

మధ్యాహ్నానికి బిడ్డ పోయాడు. కొన్నాళ్ళకు అమ్మాయి మిరపనారు కట్టలు కడుతూ, తల ఎత్తకుండానే, "ఎవరి కోసం దాచారు నాన్నా?" అంది. నేను కట్టిన కట్టలు ఎత్తుకుని మడిలోకి వెళ్ళాను.

రెండేళ్ళకు నా కొడుక్కి కొడుకు పుట్టాడు. రెండక్షరాల కొత్త పేరేదో పెట్టారు. అర్థమేమిటని అడిగాను. "వినడానికి బావుంది కదా నాన్నా. రాయప్ప అని పెడితే స్కూల్లో ఏడిపిస్తారు" అన్నాడు. కోపం రావాల్సింది. నాకు స్టీలు గ్లాసు గుర్తొచ్చింది.

మరుసటి వారం ఫాదర్ గారి దగ్గరికి వెళ్ళాను. జరిగింది నిలబడే చెప్పాను, కుర్చీ చూపించినా కూర్చోలేదు. జ్ఞానస్నానాల రిజిస్టర్లో బిడ్డ పేరు మార్చమన్నాను. ఆయన రిజిస్టరు తెరిచి ఆ పేజీ చూశారు.

"జ్ఞానస్నానం మళ్ళీ ఇవ్వడం ఉండదండి. పేరు దిద్దడానికి నేను అనుమతి అడగగలను. కానీ ముందు తల్లి ఒప్పుకోవాలి. ఆమెను అడిగారా?"

అడగలేదు.

నవంబరులో సమాధుల పండుగ వచ్చింది. ఊరంతా వెళ్ళి సమాధులకు సున్నం వేసి, పేర్లకు రంగు దిద్ది, కొవ్వొత్తులు పెట్టే రోజు అది. బిడ్డ సమాధి మా తాత సమాధి కాళ్ళ దగ్గర ఉంటుంది. శిలువ మీద పేరు లేదు. ఇన్నాళ్ళూ అమ్మాయి రాయించలేదు, రాయిద్దామని నేనూ అనలేదు. సున్నం వేసి, నల్లరంగు డబ్బా మూత తీసి పక్కన పెట్టింది.

"అమ్మా, పేరు మారుద్దాం. నా పేరు పెడదాం. నువ్వు ఊఁ అంటే చాలన్నారు ఫాదర్ గారు" అన్నాను.

చేతులకున్న సున్నం కొంగుకు తుడుచుకుంది. కోపంగా చూస్తుందనుకున్నాను. నేను ఆ కోపానికే సిద్ధపడి వచ్చాను.

"వద్దు నాన్నా. వాడు ఉన్న కాసేపట్లో విన్నది ఆ ఒక్క పేరే. పైన వాణ్ణి అలాగే పిలుస్తుంటారు. ఇప్పుడు మీరు మార్చేస్తే, రేపు నేను వెళ్ళి ఎవరని అడగను?"

కుంచె నా చేతికిచ్చింది. "మీరే రాయండి. మీరు పెట్టిందేగా."

శిలువ మోకాలెత్తు కూడా లేదు. నిలబడి రాయడానికి కుదరదు. మట్టిలో మోకాళ్ళూని, వంగి, నా చేత్తో చిన్నప్ప అని రాశాను. రంగు ఆరేదాకా తను కొవ్వొత్తికి చెయ్యి అడ్డం పెట్టి కూర్చుంది. పక్కన నేనూ కూర్చున్నాను. నా పేరు నా దగ్గరే ఉంది. అడిగేవాళ్ళెవరూ లేరు.